తలుపు మోసుకెళ్ళిన ఆవిడ

గోడకి మేకు కొట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా వియ్యంకుడు ఒకసారి నవ్వుతూ అడిగాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. కువైట్‌లో నా బతుకులో సగానికి పైగా నేను చేసింది అదే మరి. బొమ్మకి ఫ్రేము కట్టడం, తీసుకెళ్ళి ఎవరింటి గోడకో వంకర లేకుండా తగిలించి రావడం. పెళ్ళి ఫోటోలు, ఖురాన్ వాక్యాలు, డేగలు, ఒంటెలు, చివరికి ఒక పెద్దమనిషి మనవడి పాలపళ్ళు కూడా అద్దం వెనక బిగించి ఇచ్చాను. ఇంతకాలం చేసి నేను తెలుసుకున్నది ఒకటే. నిటారుగా ఉన్న గోడ ఎక్కడా లేదు. రసమట్టం చూసి తగిలిస్తే ఇంటివాళ్ళ కంటికి వంకరగా కనబడుతుంది, కంటికి సరిపెడితే రసమట్టం ఒప్పుకోదు. అలాంటప్పుడు రసమట్టాన్ని జేబులో పెట్టుకుని ఇంటివాళ్ళ కంటినే నమ్మాలి.

ఈ ముక్క చేతిపనుల్లో కొత్తగా చేరే పిల్లల కోసం రాస్తున్నాను. నేను పని మానేసి అమలాపురం దగ్గర మా ఊరికి వచ్చేసే ముందు ఏడాది సంగతి ఇది. మీకు పనికొస్తే సంతోషం. పనికిరాకపోయినా తలుచుకున్నందుకు నాకు బాగుంటుంది.

మా దుకాణం ఫహాహీల్ బజారులో, బంగారం కొట్టుకీ మొబైల్ రిపేరు కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉండేది. పనివాళ్ళం ఇద్దరమే. రెండోవాడు రాయచోటి వైపు మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న, తమ్ముడనే పిలిచేవాణ్ణి, చెయ్యి మాత్రం నాకంటే గట్టిది. ఎంత బరువు ఫ్రేమైనా ఒక్కడే ఎత్తి పట్టుకుంటే నేను కింద నుంచి కొంచెం పైకి, కొంచెం కిందకి అని పెత్తనం చేసేవాణ్ణి. మహబూలాలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. నేను పులుసులో బెల్లం వేస్తే వాడు మూతి ముడుచుకునేవాడు. వాడు నూరిన ఊరిబిండి, అదే వాళ్ళ కారప్పచ్చడి, నోట్లో పెట్టుకుంటే నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. తిట్టుకుంటూనే ఒకరు వండింది ఒకరం ఊడ్చిపెట్టేసేవాళ్ళం.

వాడికో అక్క ఉంది. రిగ్గైలో ఒక ఇంట్లో పని. నాకంటే చిన్నదే అయినా వాడితో పాటు నేనూ అక్కా అనే పిలిచేవాణ్ణి. ఆ ఇల్లు పాలస్తీనా వాళ్ళది. బడిలో పాఠాలు చెప్పే ఒక టీచరమ్మ, ఆవిడ తల్లి, అంతే. అక్క పని ముఖ్యంగా ఆ ముసలావిణ్ణి చూసుకోవడం. ఇక్కడ పనిపిల్లలందరూ ఇంటి ఇల్లాలిని మామా అంటారు కదా, అక్క టీచరమ్మని మేడమ్ అని, పెద్దావిణ్ణే మామా అని పిలిచేది. మామా మాటంటే అక్కకి వేదం. అయినా రోజూ ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు, ఒకరు అరబ్బీలో, ఒకరు రాయచోటి తెలుగులో.

ఒక రోజు అక్క ఆ టీచరమ్మని మా దుకాణానికి తీసుకొచ్చింది. ఆవిడ చేతిలో వెడల్పాటి అట్ట సంచీ. దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, మమ్మల్నీ తుడుచుకోమని, అప్పుడు విప్పింది. అన్నీ నల్లసిరాతో గీసిన బొమ్మలు. పత్రికల్లో వచ్చే కార్టూన్లు. గీసింది వాళ్ళ నాన్నగారు. వాటిని ప్రదర్శనకి పెట్టాలట, ఫ్రేములు కట్టి గోడకి తగిలించే పని మాకిచ్చింది.

నన్నావిడ ముఅల్లిమ్ అని పిలిచేది, మనం మేస్త్రీ అన్నట్టు. నా అరబ్బీ దుకాణం అరబ్బీ, కొలతలకీ బేరానికీ సరిపోతుంది. ఆవిడ దానికి కొంత ఇంగ్లీషు కలిపి ఓపిగ్గా చెప్పేది. బొమ్మలకి ఫ్రేములు కడుతున్నన్ని రోజులూ సాయంత్రాలు వచ్చి కూర్చుని చెప్పుకుంటూ పోయింది. ఆ మనిషి బతుకు నాకు అలా తెలిసింది.

ఆయన పుట్టిన ఊరు ఇప్పుడు పటంలో ఆ పేరుతో లేదట. చిన్నతనంలో తల్లి చెయ్యి పట్టుకుని ఊరొదిలి శరణార్థుల శిబిరానికి చేరాడు. అక్కడ రేకుల గోడ మీద బొగ్గుతో బొమ్మలు వేస్తుంటే, పొయ్యిలోకి దాచుకున్న బొగ్గు దండగ చేస్తున్నావని తల్లి కొట్టేదట. పెద్దయ్యాక బతుకుతెరువు వెతుక్కుంటూ కువైట్ వచ్చాడు. మనవాళ్ళు వచ్చినట్టే వచ్చాడన్నమాట, చేతిలో ఒక సంచీ, తెలిసినవాళ్ళ గదిలో ఒక మూల. పత్రికలో ఉద్యోగం దొరికింది. రోజుకొక బొమ్మ.

ఆయన బొమ్మలన్నింటిలోనూ ఒక ఆడమనిషి ఉంటుంది. నెత్తి మీద తలుపు మోస్తూ ఉంటుంది. ఎందుకంటే, ఊరొదిలిన రోజు తలుపు వేశానా లేదా అని ఆయన తల్లి చచ్చిపోయే దాకా అడుగుతూనే ఉందట. ఆ బెంగ చూడలేక కొడుకు బొమ్మలో ఆ తలుపుని ఊడబీకి తల్లి నెత్తిన పెట్టేశాడు. ఇక దాన్ని వేశానా లేదా అన్న బాధ ఉండదని.

ఒక బొమ్మలో సూట్లు వేసుకున్న పెద్దలందరూ పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని శాంతి గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ బల్ల ఆమె తలుపే. ఆమె గుమ్మం బయట నిలబడి, మీ మాటలయ్యాక నా తలుపు నాకిస్తారా అన్నట్టు చూస్తూ ఉంటుంది. ఆ బొమ్మ అచ్చయిన రోజు చాలా దేశాల పెద్దలకి ఒకేసారి కోపం వచ్చిందట, ఆయన సొంత పక్షం వాళ్ళతో సహా. నాకు రాజకీయాలు తెలియవు. కానీ ఆ బొమ్మకి అద్దం బిగిస్తూ నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మొదట్లో బొమ్మ కింద మాటలు రాసేవాడట. ఒకసారి సంపాదకుడు భయపడి ఒక మాట మార్చేశాడు. మర్నాటి నుంచి ఆయన మాటలు రాయడమే మానేశాడు. మాటనైతే మార్చగలరు, గీతని ఎలా మారుస్తారో చూస్తానన్నాడట. అందుకే ఆ బొమ్మల మీద ఒక్క అక్షరం ఉండదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత మా కొంప ముంచింది ఇదే.

బొమ్మల్లో ఒకదాని మీద గుండ్రటి మరక ఉంది. టీ గ్లాసు పెట్టిన గుర్తు. మా వృత్తిలో మరక అంటే ఇంట్లో దూరిన దొంగ లాంటిది. తమ్ముడు అప్పటికే దూది తీశాడు.

"అన్నా, మందు అద్ది తీసేస్తే యాడ ఉన్నిందో గూడా తెలీదు" అన్నాడు.

"ఆగవోయ్, అదేమన్నా అద్దం మీద మరకేటి, తుడిచెయ్యడానికి? ఆవిణ్ణి అడగాలి కదా" అన్నాను.

అడగడం మంచిదైంది. అది అమ్మ పెట్టిన గ్లాసు, దాన్ని ముట్టుకోవద్దు అందావిడ. రాత్రిళ్ళు ఆయన గీస్తూ ఉంటే భార్య టీ తెచ్చి, పెట్టే చోటు లేక, విసుగుపుట్టి బొమ్మ మీదే పెట్టేసిందట. మరక కనబడేలాగే కట్టమంది.

అప్పుడు అసలు విషయం చెప్పింది. ఆ ప్రదర్శన ఊరందరికీ అయినా, ఆవిడకి కావలసింది ఒక్క మనిషి రావడం. తల్లి. ఆ ముసలావిడ తన భర్త గీసిన బొమ్మ చూసి ఎన్నో ఏళ్ళయింది. పేరెత్తితేనే లేచి లోపలికి పోయేది. కారణం ఉంది. బెదిరింపులు ఎక్కువై ఆయన ఒక రోజు పెళ్ళాం పిల్లతో కువైట్ వదిలి పోవలసి వచ్చింది. ఇక్కడ వాళ్ళకొక ఫ్లాటు ఉండేది, అందులోనే కాపురం పెట్టారు, అందులోనే ఈ కూతురు పుట్టింది. ఆవిడ ఆ ఇంటిని ఎంతో ముచ్చటగా చూసుకునేదట. ఆ తర్వాత చలిదేశాల్లో ఒక గది నుంచి ఇంకో గదికి మారడమే. చివరికి ఆయన అక్కడే జబ్బుచేసి పోయాడు. కూతురు ఇక్కడ ఉద్యోగం సంపాదించుకుని తల్లిని వెనక్కి తెచ్చుకుంది. తల్లి మాత్రం ఆ బొమ్మల మీద కోపం వదల్లేదు.

అక్క మాకు ఇంకా సూటిగా చెప్పింది. "మామా రానంటాంది అన్నా. ఆ తలుపు మోసే ఆయమ్మ నాకు సవితి అంటాంది. పగలూ రాత్రీ దాని ఇంటి గురించే ఏడిసినాడు, నా ఇల్లు పొయ్యింది మాత్రం ఆయప్పకి కనపడలేదు అంటాంది."

నాకు నవ్వొచ్చింది, వెంటనే నవ్వు ఆగిపోయింది. నలభై ఏళ్ళు కాపురం చేసి, బొమ్మలోని అత్తగారితో సవతి పోరు పడిన మనిషి గురించి నవ్వడానికి లేదు.

చివరి రోజు టీచరమ్మ ఇంకో చిన్న అట్ట తెచ్చింది. అందులో ఆరు బొమ్మలు. ఆయన జబ్బుగా ఉన్నప్పుడు గీసినవి, ఎక్కడా అచ్చు కాలేదు. ఆరింటిలోనూ తలుపు ఉంది, కానీ అది పాత ఊరి తలుపు కాదు. కాలింగ్ బెల్లు, చూసే కన్నం ఉన్న ఫ్లాటు తలుపు. మోస్తున్నది కూడా ఆ తల్లి కాదు. కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు ఆడమనిషి. ఆ కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారం చుట్టి ఉంది.

మొదటి బొమ్మలో ఆమె తన ఫ్లాటు గుమ్మంలో నిలబడి ఉంటుంది, తలుపు దాని చోట అది ఉంటుంది. రెండో దాంట్లో మెట్ల మీద, తలుపు నెత్తిన. మూడో దాంట్లో విమానాశ్రయంలో వరసలో నిలబడి, సామానుతో పాటు తలుపు. నాలుగో దాంట్లో ఒక అధికారి ఆ తలుపు మీద ముద్ర కొడుతుంటాడు. అయిదో దాంట్లో మంచు పడుతుంటే తలుపునే గొడుగులా పట్టుకుని ఉంటుంది. ఆరో దాంట్లో ఒక ఇరుకు గది, గోడకి ఆనించిన తలుపు, పక్కన పెట్టె మీద కూర్చున్న ఆమె. ఆ బొమ్మ అడుగున, కలం పట్టుకున్న ఒక మగవాడి చెయ్యి. ఆయన తన చేతిని గీసుకున్నది జన్మలో అదొక్కసారేనట.

"ఇది మా అమ్మ" అంది టీచరమ్మ. "నాన్న తనని క్షమించమని అమ్మని అడిగాడు, ముఅల్లిమ్. ఆమెకి ఆ సంగతి తెలియదు. చూస్తే కదా తెలిసేది. అలాగే పోతుందేమోనని నా భయం."

ఇంటికొచ్చాక తమ్ముడు ఆ పూట అన్నం సరిగా తినలేదు. రాయచోటిలో ఉన్న పెళ్ళానికి ఫోన్ చేసి ఏ కారణం లేకుండా చాలాసేపు మాట్లాడాడు.

ప్రదర్శనకి నగరంలో ఒక సంఘం వాళ్ళు తమ హాలు ఇచ్చారు. ముందు రోజు మేమిద్దరం బొమ్మలు తగిలించాం. టీచరమ్మ సాయంత్రం వచ్చి చూసుకుంటానంది కానీ బడిలో పరీక్షల పని పడి రాలేకపోయింది. మీ మీద నమ్మకం ఉందని ఫోన్లో చెప్పింది. ఆ ఆరు బొమ్మలకీ లోపలి గోడ మొత్తం వదిలాం. వెనకాల ఆవిడ పెన్సిలుతో అరబ్బీ అంకెలు వేసి ఇచ్చింది. ఆ అంకెలు మాకు కొట్టినపిండే, బస్సుల మీదా దుకాణాల మీదా రోజూ చూసేవే. ఒకటి, రెండు, మూడు అని వరసగా తగిలించాం. రసమట్టం పెట్టి చూశాను, కంటితో చూశాను, రెండూ ఒప్పుకున్నాయి. అంత అందంగా కుదిరిన గోడ నా సర్వీసులో ఇంకొకటి లేదు. తమ్ముడు ఫోటో కూడా తీసుకున్నాడు.

మర్నాడు సాయంత్రం జనానికి తలుపులు తీస్తారు. మధ్యాహ్నం మేము అద్దాలు తుడుస్తూ ఉన్నాం. అక్క మామాని చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. టీచరమ్మ ఇంకా రాలేదు. నేను నిచ్చెన దిగి సలాం చెప్పాను. మనిషి సన్నగా, నిటారుగా ఉంది. కళ్ళజోడు కాడకి దారం చుట్టి ఉంది, ఇప్పటికీ.

ఎలా తీసుకొచ్చావని తర్వాత అడిగితే అక్క చెప్పింది. "సవితి ఇంటికి పోయి నాలుగు తిట్టి వద్దాం రా మామా, నేనూ తోడొస్తా అంటి. దానికి లేసింది."

నిజంగానే తిట్టడానికే వచ్చింది. ఒక్కో బొమ్మ ముందూ ఆగి, నెత్తిన తలుపు ఉన్న అత్తగారికేసి చూసి ఏదో గొణిగి ముందుకి పోతోంది. అక్క పక్కన నిలబడి, అర్థమైనా కాకపోయినా, అవునవునని తల ఊపుతోంది. టీ మరక ఉన్న బొమ్మ దగ్గర మాత్రం మామా కాస్త ఎక్కువసేపు నిలబడింది. అద్దం మీద ఆ గుండ్రటి గుర్తు చుట్టూ వేలితో రాసింది. నేను అప్పుడే తుడిచిన అద్దం అది.

తర్వాత లోపలి గోడ దగ్గరికి వెళ్ళారు. అక్క ఎడమ చివరకి నడిచింది. మామా కుడి చివరకి నడిచింది. అప్పుడు నాకు అందులో వింతేమీ కనబడలేదు. ఇద్దరూ చెరో వైపు నుంచి ఒక్కో బొమ్మా చూసుకుంటూ వచ్చి నడిమధ్యలో, విమానాశ్రయం దగ్గర, ఒకరికొకరు ఎదురుపడ్డారు. అక్క కళ్ళలో నీళ్ళు. మామా ముఖంలో నవ్వు.

"ఇల్లు ఇడిసిపెట్టి పోతాంది మామా, పాపం" అంది అక్క, చేత్తో ఎటు పోతోందో చూపిస్తూ.

మామా కూడా చేత్తోనే చెప్పింది, లేదు, పోవడం లేదు, ఇటు వస్తోంది, అని. అక్క ఒప్పుకోలేదు. మామా అసలే ఒప్పుకోలేదు. ఇద్దరూ మళ్ళీ నడిచారు, ఈసారి అక్క మామా చూసిన వైపుకి, మామా అక్క చూసిన వైపుకి. మామా ఎడమ చివర ఫ్లాటు గుమ్మంలో నిలబడిన తన బొమ్మ ముందు ఆగిపోయింది. కళ్ళజోడు తీసి, దారం చుట్టిన కాడ చూసుకుని, మళ్ళీ పెట్టుకుంది. అక్క వెనక్కొచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని అక్కడి నుంచి కుడి చివర దాకా ఒక్కో బొమ్మా చూపిస్తూ నడిపించింది.

అప్పుడే టీచరమ్మ వచ్చింది. హాలు గుమ్మంలోంచి లోపలి గోడ కనబడుతుంది. తల్లి అక్కడ నిలబడి ఉండడం చూసి ఆవిడ ముఖం వెలిగింది. అంతలోనే గోడ చూసింది, వెలుగు పోయింది.

"ముఅల్లిమ్" అంది. అంతే అంది.

నాకు అర్థమైపోయింది. అరబ్బీ కుడి నుంచి ఎడమకి చదువుతారని నాకు తెలియదా? ఎన్ని ఖురాన్ వాక్యాలకి ఫ్రేము కట్టాను. అక్షరం కనబడితే నా చెయ్యి దానంతటదే కుడి నుంచి మొదలెడుతుంది. కానీ ఈ బొమ్మల మీద అక్షరమే లేదు. పోనీ బొమ్మలో ఆవిడ ఎటైనా తిరిగి నడుస్తోందా అంటే అదీ లేదు, ఆరింటిలోనూ మనకేసి ఎదురుగా చూస్తూ ఉంటుంది. ఇద్దరు తెలుగువాళ్ళం, ఒకటో నంబరుని ఎడమ చివర పెట్టి, తెలుగు వాక్యం రాసినట్టు ఆరు బొమ్మలనీ రాసుకుంటూ పోయాం. అది అరబ్బీ వాళ్ళు చూస్తే చివర మొదలవుతుంది, మొదలు చివరవుతుంది. ఒక మనిషి చనిపోయే ముందు భార్యని అడిగిన క్షమాపణని మేము తిరగేసి తగిలించాం. పైగా అంత సమానంగా తగిలించాం.

తమ్ముడి ముఖంలో నెత్తురు లేదు. నేను ముందుకెళ్ళి, తప్పు మాదే అమ్మా, ఇప్పుడే సరిచేస్తాం, అని నా దుకాణం అరబ్బీలో చెప్పుకున్నాను. టీచరమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఆవిడకి కోపం రాలేదు, కోపం వచ్చినా బాగుండేది. ఇన్నాళ్ళూ ఎదురుచూసింది ఈ ఒక్క చూపు కోసం, అది చెడిపోయిందని ఆవిడ అనుకుంది. తల్లి దగ్గరికి వెళ్ళి, నెమ్మదిగా, అమ్మా, వరస తప్పుగా ఉంది, నాన్న వేసింది ఇలా కాదు, అని చెప్పడం మొదలుపెట్టింది.

మామా చెయ్యెత్తి ఆపింది. ఎవరు తగిలించారని అడిగింది. టీచరమ్మ మమ్మల్ని చూపించింది. మామా మా ఇద్దరినీ పై నుంచి కింద దాకా చూసింది. ఆవిడ అప్పుడు చెప్పిన మాటలు నాకు సగమే అర్థమయ్యాయి, మిగతావి టీచరమ్మ విడమరిచి చెప్పింది.

"నేను ఆయన చేతి దగ్గర మొదలుపెట్టాను. ఆ చెయ్యి నన్ను ఆ గదిలోంచి లేపి, మంచులోంచి, వరసల్లోంచి, మెట్లెక్కించి తెచ్చి నా ఇంట్లో దింపింది. తలుపు కూడా దాని చోట పెట్టింది."

కూతురు మళ్ళీ చెప్పింది, నాన్న గీసింది అది కాదమ్మా, నాన్న నీకు క్షమాపణ చెప్పాడు, నీ ఇల్లు పోగొట్టానని ఒప్పుకున్నాడు, అని.

"తెలుసు" అంది మామా. "అటు వైపు నుంచి కూడా చూశాను కదా. ఈ పిచ్చిది నడిపించింది." అక్కకేసి చూపిస్తూ అంది. తర్వాత మాకేసి తిరిగింది. "ఈ రోజుకి ఇలాగే ఉండనివ్వండి. రేపు పొద్దున్నే వచ్చి ఆయన వేసిన వరసలో పెట్టండి. ఆయన క్షమాపణ చెప్పకుండా తప్పించుకుంటానంటే నేను ఊరుకోను."

టీచరమ్మ నవ్విందో ఏడ్చిందో తెలియదు, తల్లిని గట్టిగా పట్టుకుంది. అక్కకి ఏమీ అర్థం కాలేదు, అర్థం కాకుండానే వాళ్ళిద్దరినీ పట్టుకుని తనూ ఏడ్చింది. నేను అద్దాలు తుడిచే గుడ్డ తీసుకుని అటు తిరిగాను. తమ్ముడు మాత్రం నిచ్చెన మడిచి గోడకి ఆనించి, ఇక దీంతో పని లేదు కదన్నా ఈ పూటకి, అన్నాడు.

సాయంత్రం జనం బాగానే వచ్చారు. ఒక కిరాణా కొట్టాయన జేబులోంచి మడతలు పడిన పాత పత్రిక ముక్క తీసి, గోడ మీది అసలు బొమ్మ పక్కన పట్టుకుని పోల్చి చూసుకున్నాడు. బల్ల బొమ్మ ముందు ఇద్దరు గట్టిగా వాదించుకుని, ఆఖరికి కలిసి బయటికెళ్ళి సిగరెట్లు కాల్చుకున్నారు. గీసిన మనిషి పోయాక కూడా బొమ్మ జనాన్ని పోట్లాడించగలదని ఆ రోజు చూశాను. ఆరు బొమ్మల గోడ ముందు మామా కుర్చీ వేయించుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళందరూ ఆవిడకి సలాం చెప్పి, కుడి నుంచి ఎడమకి నడిచి, ఇంటికి చేరిన ఆవిణ్ణి చూసి, కళ్ళు తుడుచుకుని వెళ్ళారు. తప్పని ఎవరికీ తెలియదు. ఆవిడ చెప్పనూ లేదు.

మర్నాడు పొద్దున్నే మేము వెళ్ళేసరికి మామా అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి యల్లా, అంటే కానివ్వండి, అంది. ఒక్కో బొమ్మా దింపి వరస మార్చాం. అంతా అయ్యాక ఆవిడ లేచి కుడి చివరికెళ్ళి, గుమ్మంలోంచి మొదలుపెట్టి, మెట్లు, వరస, ముద్ర, మంచు, గది, అన్నీ నెమ్మదిగా చూసుకుంటూ ఎడమ చివరకి వచ్చింది. ఆ చేతి బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. పెదాలు కదులుతున్నాయి కానీ ఏమంటోందో వినబడలేదు. మేము అటు చూడకుండా సామాను సర్దుకున్నాం. చివరికి గట్టిగా ఒక్క మాటే అంది. ఖలాస్. అయిపోయిందని, వదిలేశానని, చాలని, ఆ మాటకి ఎన్ని అర్థాలున్నాయో అన్నీ అందులో ఉన్నాయి.

వెళ్తూ వెళ్తూ అత్తగారి బొమ్మల వైపు ఒకసారి చూసి తల ఊపింది. అక్క చెప్పిందాన్ని బట్టి ఆ తర్వాత ఇంట్లో సవతి మాట మళ్ళీ రాలేదట.

పిల్లలూ, పనిలో తప్పు జరిగితే ఎప్పుడూ ఇలా మంచే జరుగుతుందని అనుకోకండి. నా సర్వీసులో నేను వంకరగా తగిలించిన మిగతా బొమ్మలన్నింటికీ తిట్లే పడ్డాయి, పడవలసిందే. మేము చేసిన ఒకే ఒక్క మంచి పని మర్నాడు పొద్దున్నే వెళ్ళి దాన్ని సరిచెయ్యడం. అది నేర్చుకోండి చాలు.

నేను కువైట్ వదిలి వచ్చేసే రోజున టీచరమ్మ ఒక కాగితాల చుట్ట ఇచ్చింది. ఆరు బొమ్మల నకళ్ళు. మామా కబురు కూడా చెప్పింది, వరస మాత్రం ఆయనదే ఉండాలి, ఈసారి తప్పు చేస్తే ఊరుకోను, అని. ఇంటికొచ్చి నా చేత్తోనే ఫ్రేములు కట్టాను. మా హాల్లో గోడకి, ఒకటో నంబరు కుడి చివర పెట్టి, ఆరోది ఎడమ చివర పెట్టి, ఆయన వేసిన వరసలో ఒక్క పొల్లు తప్పకుండా తగిలించాను.

మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. మనవాళ్ళందరిలాగే ఎడమ పక్క నుంచి మొదలుపెట్టింది. ఇరుకు గది, మంచు, ముద్ర, వరస, మెట్లు చూసుకుంటూ వెళ్ళి కుడి చివర ఆగింది.

"ఎవరండీ ఈవిడ? అంత దూరం తలుపు మోసుకుని, ఎలాగైతేనేం ఇల్లు చేరిపోయింది" అంది.

ఆయ్, చేరిందన్నాను.